గంగ ఒడ్డున గజరాజులు

హరిద్వారం అనగానే మన తెలుగువారికి ముందుగా స్ఫురించేవి హరి కీ పౌడీ, సాయంకాలపు గంగాహారతి, చార్‌ధామ్ యాత్ర. ఎల్.టి.సి.పై ఉత్తరాదికి వెళ్లే మన ఉద్యోగులు చాలామంది ఢిల్లీ నుండి ఐదారు గంటల ప్రయాణంతో హరిద్వారం చేరి, గంగాస్నానం ముగించి, మానసాదేవి, చండీదేవి ఆలయాలను దర్శించి, రుషీకేశం చూసుకొని తిరుగుముఖం పట్టడం పరిపాటి. ఆ రెండు ఆలయాలున్న కొండలపై నిలబడి చూసినవారికి వాటిని ఆనుకొని దూరం వరకు సాగిపోయే పచ్చని అడవి కనిపించే ఉంటుంది. అదే రాజాజీ జాతీయ ఉద్యానవనం. ఉత్తర భారతంలో అడవి ఏనుగులకు పేరుపొందిన నెలవులలో అది ముఖ్యమైనది.

యాత్రలో ఒక్కరోజు అదనంగా కేటాయిస్తే చూడదగిన ఈ వనాన్ని, అక్కడి ఏనుగులను, వాటికి ఎదురైన ఒక చిక్కును పాఠక మిత్రులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ చిక్కుకు మూలం వేటగాళ్లు కారు. విద్యుత్ కాలువ, రైలుమార్గం, రహదారి, కర్మాగారాలు, పునరావాస కాలనీలు దానికి కారణాలు. అనగా మనవంటి సంస్థలు, నావంటి ఇంజనీర్లు దేశాభివృద్ధి కోసం చేపట్టిన పనులే. అందువల్ల ఈ విషయం మన పత్రికలో చర్చించదగినదని భావించాను.

మూడు అభయారణ్యాల కలయిక

హిమాలయాలకు దక్షిణాన వెలుపలి అంచుగా ఉన్న తక్కువ ఎత్తు కొండల వరుసకు శివాలిక్ శ్రేణి అని పేరు. ఇసుకరాయి, మట్టి, గులకరాళ్లతో ఏర్పడిన ఈ కొండలు వర్షానికి తేలికగా కోసుకుపోతాయి. ఈ శ్రేణిని చీల్చుకొని గంగ మైదానంలోకి దిగే చోటే హరిద్వారం. ఇక్కడ నదికి ఇరువైపులా ఉన్న రాజాజీ, మోతీచూర్, చిల్లా అనే మూడు అభయారణ్యాలను కలిపి 1983లో జాతీయ ఉద్యానవనంగా తీర్చిదిద్దారు. విస్తీర్ణం సుమారు 820 చ.కి.మీ. ఇది హరిద్వార్, డెహ్రాడూన్, పౌఢీ గఢ్వాల్ జిల్లాలలో వ్యాపించి ఉంది. 2015లో దీనిని టైగర్ రిజర్వుగా కూడా ప్రకటించారు.

స్వతంత్ర భారతానికి తొలి భారతీయ గవర్నర్ జనరల్ అయిన చక్రవర్తుల రాజగోపాలాచారి గారి పేరు దీనికి పెట్టారు. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నది ఆయనే గనుక, ఆ పేరు మన పెద్దలకు సుపరిచితమే.

గంగకు పడమట మోతీచూర్, రాణీపూర్, ధోల్ఖండ్ మొదలైన రేంజ్‌లు, తూర్పున చిల్లా, గోహరీ రేంజ్‌లు ఉన్నాయి. మన దేశంలో ఏనుగుల సహజ నివాసం వాయవ్య దిశలో దాదాపు ఈ ప్రాంతంతో ముగుస్తుంది. ఇక్కడి నుండి తూర్పుగా కార్బెట్ ఉద్యానవనం మీదుగా నేపాల్ సరిహద్దు వైపుగా కొండపాదాల వెంబడి అడవి సాగుతుంది. పూర్వం ఏనుగులు ఈ పొడవునా ఋతువులననుసరించి సంచరించేవి. ఆ సుదీర్ఘమైన అడవికి రాజాజీ పడమటి కొస. కొసలో ఉన్న భాగం మిగతా దానినుండి తెగిపోతే ఏమవుతుందన్నదే తరువాత చెప్పబోయే విషయం.

చిల్లాలో ఒక ఉదయం

2024 ఫిబ్రవరిలో మేము సకుటుంబంగా హరిద్వారం వెళ్లినప్పుడు ఒక రాత్రి చిల్లాలో బస చేశాము. గంగను దాటి తూర్పు ఒడ్డున పది కిలోమీటర్ల లోపు ప్రయాణం. అటవీశాఖ అనుమతించిన జీపులో, గైడు వెంట ఉంటేనే లోనికి పోనిస్తారు. తెల్లవారుజామున ద్వారం తెరిచే వేళకు చలి తీవ్రంగా ఉంది. మంచు తెర వెనుక గంగ చప్పుడు మాత్రమే వినవస్తున్నది.

ద్వారం దాటగానే సాలవృక్షాలు మొదలవుతాయి. మనం గుగ్గిలం చెట్టు అని పిలిచేది ఇదే. నిటారైన మానులు, ఎత్తున కలుసుకొన్న కొమ్మలు, నేల నిండా రాలిన ఆకులు. ఆ తరువాత అడవి పలుచబడి, బూరుగ, చండ్ర, సీసం చెట్లు అక్కడక్కడ నిలిచిన గడ్డిమైదానాలు వస్తాయి. చుక్కల దుప్పులు గుంపులు గుంపులుగా మేస్తున్నాయి. ఒక కణుతి నీటిమడుగులో మోకాలి లోతున నిలబడి మమ్మల్ని చూసి కదలలేదు. నెమళ్లు, కొండముచ్చులు, మనుబోతులు, అడవి పందులు సరేసరి. చిరుతలు, పులులు, ఎలుగుబంట్లు కూడా ఇక్కడ ఉన్నాయి గాని మాకు దర్శనమివ్వలేదు.

ఈ వనంలో విశేషంగా కనిపించేవి 'రౌ'లు. ఇవి కొండలనుండి దిగే వాగులు. వర్షాకాలంలో కొద్ది గంటలపాటు ఏనుగునైనా దొర్లించేంత ఉద్ధృతితో పారి, తరువాత ఎండిపోతాయి. మిగిలిన కాలమంతా వంద, రెండువందల మీటర్ల వెడల్పున తెల్లని గులకరాళ్ల పరుపుగా ఉంటాయి. అటువంటి ఒక రౌ ఒడ్డుకు చేరగానే మా గైడు చేయి పైకెత్తాడు.

"సాహెబ్, ఇంజను ఆపిస్తున్నాను. దయచేసి ఎవరూ మాట్లాడకండి, ఎవరూ లేవకండి," అన్నాడు నెమ్మదిగా.

మొదట ఏమీ కనిపించలేదు. అవతలి ఒడ్డున పొదలు కదిలాయి. ఒక పెద్ద ఆడ ఏనుగు రాళ్లపైకి వచ్చి నిలిచి, తొండం ఎత్తి గాలి వాసన చూసింది. అర నిమిషం తరువాత అది ముందుకు అడుగు వేయగానే వెనుక నుండి మిగతావి వచ్చాయి. చిన్నవి, పెద్దవి కలిపి తొమ్మిది. అంత బరువైన జంతువులు అన్ని గులకరాళ్లపై నడుస్తున్నా మాకు చప్పుడు దాదాపు వినిపించలేదు. వాటి పాదాల అడుగున మందమైన, సాగే గుణం గల కొవ్వు పొర ఉంటుంది. యంత్రాల క్రింద మనం వేసే రబ్బరు దిమ్మెల వంటిదే.

"ఏమండీ, పిల్లను మధ్యలో పెట్టుకొని నడుస్తున్నాయి చూడండి," అన్నది మా శ్రీమతి గుసగుసగా. నిజమే. నెలలు మాత్రమే నిండిన గున్నకు అటు ఇటు రెండు పెద్ద ఏనుగులు గోడల్లా నడుస్తున్నాయి. రౌ మధ్యకు వచ్చాక గున్న ఆగి రాళ్లతో ఆడబోతే, వెనుకనున్నది తొండంతో ముందుకు నెట్టింది. ఐదారు నిమిషాలలో మొత్తం మంద ఇవతలి అడవిలో కలిసిపోయింది. ఆ తరువాత పది నిమిషాలపాటు జీపులో ఎవరమూ మాట్లాడలేదు.

తిరిగి వచ్చే దారిలో దూరంగా ఒంటరి దంతి ఒకటి కనిపించింది. కన్ను, చెవుల నడుమనుండి మదజలం కారిన నల్లని చార చూపించి, అటువంటి దానికి చేరువగా పోరాదని గైడు బండి వెనుకకు మళ్లించాడు.

ఆ సాయంకాలం విశ్రాంతిగృహం వెనుక తడిమట్టిలో ఏనుగు అడుగుజాడ ఒకటి చూశాము. ముందు పాదం గుర్తు చుట్టుకొలతను రెట్టింపు చేస్తే ఏనుగు భుజం వరకు ఎత్తు వస్తుందని అటవీ సిబ్బందికి తెలిసిన సూత్రం. దారం పెట్టి కొలిస్తే 125 సెం.మీ. వచ్చింది. అంటే ఆ ఏనుగు ఎత్తు రెండున్నర మీటర్లు. చిల్లాలో తప్పిపోయిన, గాయపడిన ఏనుగులను పెంచే అటవీశాఖ శిబిరం కూడా ఉంది. పిల్లలకు అది మంచి పాఠశాల.

ఆహారం, కుటుంబం, సంభాషణ

ఎదిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీరు అవసరం. తిన్నదానిలో సగానికి పైగా అరగకుండానే వెలుపలికి వస్తుంది. అందువలన రోజులో అధికభాగం మేస్తూ, నడుస్తూ గడపడం దానికి తప్పదు. ఆ నడకలోనే అడవికి మేలు జరుగుతుంది. అరగని గింజలు పేడతోపాటు కిలోమీటర్ల దూరంలో పడి మొలకెత్తుతాయి. విరిగిన కొమ్మలు దుప్పులకు మేత అవుతాయి. ఎండిన రౌలలో అది కాలితో, తొండంతో త్రవ్విన గుంటలలో ఊరిన నీరు ఇతర జంతువులకు ఉపయోగపడుతుంది.

మంద అంటే ఒక పెద్ద ఆడ ఏనుగు, దాని కూతుళ్లు, చెల్లెళ్లు, వారి పిల్లలు. ఎక్కడ నీరున్నది, ఏ నెలలో ఏ చెట్టు చిగురిస్తుంది, ఏ దారి క్షేమం అన్న విషయాలు ఆ పెద్ద ముత్తైదువ జ్ఞాపకంలో ఉంటాయి. మగ పిల్లలు యుక్తవయసు వచ్చాక మందను విడిచి ఒంటరిగానో, తోటి మగవాటితోనో తిరుగుతాయి. గర్భధారణ కాలం దాదాపు 22 నెలలు. రెండు కాన్పుల నడుమ నాలుగైదు సంవత్సరాల ఎడం. ఈ లెక్కన ఒక్క ఆడ ఏనుగు అకాలమరణం పాలైతే ఆ లోటు పూడడానికి ఎంతకాలం పడుతుందో ఊహించవచ్చు.

ఏనుగులు పరస్పరం సంభాషించుకొనే తీరు ఇంజనీర్లకు ఆసక్తి కలిగించేది. 1984లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఆసియా ఏనుగుల దగ్గర నిలబడిన కేథరీన్ పేన్ అనే పరిశోధకురాలికి గాలిలో ఒక విధమైన కంపనం తోచింది. పరికరాలతో పరీక్షించగా, మన చెవికి అందని అతి తక్కువ పౌనఃపున్యంలో, సెకనుకు ఇరవై ఆవృత్తుల ప్రాంతంలో, అవి మాట్లాడుకుంటున్నాయని తేలింది. అటువంటి తరంగాలు చెట్ల మధ్యనుండి కూడా ఎక్కువ నష్టం లేకుండా దూరం ప్రయాణిస్తాయి. ఆ ఉదయం రౌ అవతల ముందుగా వచ్చిన పెద్దది ఎటువంటి సంకేతంతో మిగతావాటిని పిలిచిందో, మాకైతే ఏ శబ్దమూ వినిపించలేదు.

నీటి కోసం నడక

శివాలిక్ కొండల పాదాల వద్ద నేల అంతా గులకరాళ్ల మయం. వర్షపునీరు పైన నిలవక లోపలికి ఇంకిపోతుంది. మార్చి దాటాక రౌలలో తడి కూడా మిగలదు. అప్పుడు అడవికంతటికీ నమ్మదగిన నీరు గంగ ఒక్కటే. పడమటి కొండల ఏనుగులు తూర్పుకు, తూర్పు కొండల ఏనుగులు పడమరకు దిగి నదిని చేరేవి. కొన్ని నీరు త్రాగి మరలిపోయేవి, మరికొన్ని నదిలోని లంకలను ఆధారం చేసుకొని అవతలి ఒడ్డుకు దాటేవి. మోతీచూర్, చిల్లాల నడుమ అడవి నదికి రెండు ఒడ్డులా ఎదురెదురుగా వచ్చే ఒక సన్నని పట్టీ వాటి రాకపోకలకు ముఖ్యమైన దారి. దాని పొడవు మూడు కి.మీ., వెడల్పు ఒక కి.మీ. మాత్రమే. ఇటువంటి దారులనే 'కారిడార్లు' అంటారు.

ఇప్పుడు ఈ దారిపైకి వచ్చిన నిర్మాణాలను వరుసగా చూద్దాం. 1900లో హరిద్వార్ - డెహ్రాడూన్ రైలుమార్గం ప్రారంభమైంది. దాని సరసనే రహదారి విస్తరించింది. 1960 దశకంలో హరిద్వారం వద్ద రాణీపూర్‌లో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం, రుషీకేశం వద్ద వీరభద్రలో ఔషధ కర్మాగారం వెలిశాయి. రాయ్‌వాలా వద్ద సైనిక స్థావరం, ఆయుధాగారం ఏర్పడ్డాయి. టెహ్రీ ఆనకట్ట నిర్వాసితులకు కారిడార్‌లోనే ఖాండ్‌గావ్ వద్ద స్థలాలిచ్చారు. గంగ తూర్పు ఒడ్డున చిల్లా జలవిద్యుత్ కేంద్రం కోసం కాలువ త్రవ్వారు.

చిల్లా పథకం సాంకేతికంగా ముచ్చటైనది. రుషీకేశం దిగువన పశులోక్ బ్యారేజి వద్ద గంగ నీటిని మళ్లించి, నదికి సమాంతరంగా 14 కి.మీ. పైచిలుకు కాంక్రీటు కాలువలో నడిపి, సుమారు 32 మీటర్ల పతనాన్ని ఉపయోగించుకొని నాలుగు యూనిట్లతో 144 మెగావాట్లు ఉత్పత్తి చేసి, నీటిని మళ్లీ గంగలోనే విడుస్తారు. పెద్ద జలాశయం లేదు, ముంపు లేదు. 1980-81 నుండి పనిచేస్తున్నది. అయితే ఏనుగుకు సంబంధించినంతవరకు అది నదికీ అడవికీ మధ్య, నిటారైన నున్నని గోడలతో, వేగంగా పారే 14 కిలోమీటర్ల కందకం. పడితే ఎక్కి రావడం కష్టం. దాటడానికి మిగిలినవి కొద్దిపాటి వంతెనలు, రౌలను దాటించిన చోట్లు మాత్రమే.

భారత వన్యప్రాణి సంస్థకు చెందిన ఎ.జె.టి. జాన్‌సింగ్, క్రిస్టీ విలియమ్స్ ఈ కారిడార్‌ను ఏళ్లతరబడి పరిశీలించారు. మగ ఏనుగులు ధైర్యం చేసి దాటుతున్నా, పిల్లలతో కూడిన ఆడ ఏనుగుల మందలు దాటడం దాదాపు మానుకున్నాయని వారు గుర్తించారు. మేము చూసిన మందలో గున్నను నడిపించిన తీరు తలుచుకొంటే కారణం బోధపడుతుంది. నెలల పిల్లను వెంటబెట్టుకొని పట్టాలు, రహదారి, నది, కాలువ వరుసగా దాటడానికి ఏ తల్లి సాహసిస్తుంది?

ఇందులో ఏ ఒక్క నిర్మాణాన్నీ విడిగా తప్పుపట్టలేము. కర్మాగారం కావాలి, విద్యుత్తు కావాలి, నిర్వాసితులకు నేల కావాలి. ప్రతి పథకానికీ దాని నివేదికలో లాభనష్టాలు లెక్కకట్టే ఉంటారు. అయితే పథకాలన్నింటినీ కలిపి, ఆ ఒక్క కిలోమీటరు వెడల్పు దారికి ఏమవుతుందని లెక్క చూడడం ఏ ఒక్కరి బాధ్యతా కాలేదు. ప్రతివారూ కొంచెం కొంచెంగా ఆక్రమించగా దారి మూసుకుపోయింది.

పులులు ఇచ్చిన సాక్ష్యం

ఏనుగు దీర్ఘాయువు గల జంతువు. సంచారం తెగిపోయిన నష్టం దాని సంఖ్యలో బయటపడడానికి తరాలు పడుతుంది. పులి విషయంలో అది త్వరగానే బయటపడింది. గంగకు తూర్పున చిల్లా వైపు పులులు వృద్ధి చెందుతుండగా, పడమటి భాగంలో పదేళ్లకు పైగా రెండే ఆడపులులు మిగిలిపోయాయి. నది అవతల మగపులులు ఉన్నా, ఆ కొద్దిపాటి దూరం దాటి స్థిరపడలేకపోయాయి. కడకు 2020 డిసెంబరు నుండి కార్బెట్ ప్రాంతపు పులులకు మత్తు ఇచ్చి, వాహనాలలో తెచ్చి పడమటి రాజాజీలో విడవవలసి వచ్చింది. ప్రకృతి ఏ ఖర్చూ లేకుండా చేసే పనిని మనం లారీలతో, వైద్యులతో, రేడియో పట్టీలతో చేయవలసి వస్తున్నదన్నమాట.

రైలుమార్గం నేర్పిన పాఠం

ఇక్కడి రైలుమార్గంపై 1987 తరువాతి పదిహేనేళ్లలో ఇరవై వరకు ఏనుగులు రైళ్లు ఢీకొని మరణించాయి. ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు ఏ కర్మాగారంలోనైనా ప్రమాద నివారణ శిక్షణకు ఉదాహరణగా చెప్పదగినది.

2002 ప్రాంతంలో అటవీశాఖ, రైల్వే, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా కలిసి, ప్రమాదాలు ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు జరుగుతున్నాయో ముందుగా విశ్లేషించాయి. అధికభాగం రాత్రివేళ జరిగినవి. మలుపుల వద్ద చెట్లు, గట్టుల కారణంగా డ్రైవరుకు ఏనుగు చివరి క్షణం వరకు కనిపించదు. ఇరువైపులా నిటారైన మట్టికట్టలున్న చోట పట్టాలపైకి దిగిన ఏనుగు రైలు వస్తుంటే ప్రక్కకు తప్పుకోలేదు, ముందుకు పరుగెత్తుతుంది. ఎండకాలంలో మార్గానికి ఒక వైపే నీరుండడంవల్ల రోజూ దాటక తప్పదు. ఇవి చాలవన్నట్లు రైళ్లనుండి పారవేసిన ఆహారపదార్థాలు వాటిని పట్టాల దగ్గరకు ఆకర్షిస్తున్నాయి.

కారణాలు తేలాక చేసిన పనులు సామాన్యమైనవే. మట్టికట్టలను వాలుగా చెక్కారు. మలుపుల వద్ద పొదలు నరికి చూపు అందేలా చేశారు. రెండవ వైపున కూడా నీటి గుంటలు ఏర్పరిచారు. అటవీ, రైల్వే సిబ్బంది రాత్రి గస్తీ తిరిగి, మంద పట్టాల సమీపంలో ఉంటే స్టేషనుకు తెలియజేశారు. వేగంపై పరిమితి విధించి, డ్రైవర్లకు అవగాహన తరగతులు నిర్వహించారు. ఫలితంగా ఆ తరువాత అనేక సంవత్సరాలపాటు ఆ విభాగంలో ఏనుగుల మరణాలు దాదాపుగా ఆగిపోయాయి. అయితే గస్తీ సడలిన చోట, వేగం పెరిగిన చోట ప్రమాదం మళ్లీ తలెత్తడం కూడా చూశాము. భద్రత ఒకసారి సాధించి అటకెక్కించే పతకం కాదని మన షాపు ఫ్లోరులో చెప్పుకొనే మాట అడవిలోని పట్టాలకు కూడా వర్తిస్తుంది.

ద్వారం మళ్లీ తెరిచే ప్రయత్నం

రహదారి విషయంలో కూడా దిద్దుబాటు జరిగింది. హరిద్వార్ - డెహ్రాడూన్ జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు మోతీచూర్, తీన్‌పానీ, లాల్‌తప్పడ్ వద్ద ఫ్లైఓవర్లు కట్టి, వాహనాలను పైనుండి, ఏనుగులను క్రిందనుండి పంపే ఏర్పాటు చేశారు. పనులు ఏళ్లతరబడి నిలిచిపోయినా చివరకు పూర్తయ్యాయి. వాటి క్రింద అమర్చిన స్వయంచాలక కెమెరాలలో ఏనుగులు నడిచిపోవడం నమోదైంది. ఖాండ్‌గావ్ కాలనీలో కారిడార్‌కు అడ్డుగా ఉన్న భాగాన్ని కూడా వేరేచోటికి తరలించారు. అనగా టెహ్రీ కోసం ఒకసారి కదిలిన కుటుంబాలు ఏనుగుల కోసం మరొకసారి కదిలాయి. మొదటిసారే స్థలనిర్ణయంలో జాగ్రత్త వహించి ఉంటే ఆ రెండవ కష్టం వారికి తప్పేది. వనంలో తరతరాలుగా గేదెలను మేపుకొనే వన గుజ్జర్లు కూడా వందల కుటుంబాలుగా పథరీ, గైండీఖాతా కాలనీలకు తరలిపోయారు. ఏనుగుల దారికి చెల్లించిన మూల్యంలో వీరందరి భాగాన్ని మరువరాదు.

ఇటువంటి ఏర్పాటు ఇంజనీరింగుకు కొత్తది కాదు. 1854లో ప్రారంభమైన గంగా కాలువను ప్రోబీ కాట్లీ హరిద్వారం నుండే త్రవ్వించాడు. దారిలో రాణీపూర్, పథరీ రౌలు అడ్డు వచ్చాయి. ఆ వరదను కాలువలో కలవనీయకుండా, కాలువ పైనుండి వెడల్పైన కట్టడంపై దాటించాడు. దీనినే 'సూపర్ పాసేజ్' అంటారు. రూర్కీ వద్ద సోలానీ నది వచ్చినప్పుడు కాలువనే నదిపైనుండి వంతెన మీద నడిపాడు. రెండు ప్రవాహాలు ఒకదాని నొకటి ఆటంకపరచకుండా వేర్వేరు ఎత్తులలో దాటడమే ఇందులోని సూత్రం. ఫ్లైఓవర్ క్రింది ఏనుగుల దారిలో ఉన్నది కూడా ఆ సూత్రమే. దాటే ప్రవాహం మాత్రం నీటిది కాదు, ప్రాణులది.

ఈ కాట్లీతో మనకొక సంబంధం ఉంది. గంగా కాలువ హెడ్‌వర్క్స్ స్థలం, కాలువ వాలు సరికావని బహిరంగంగా విమర్శించి, ఆయనతో దీర్ఘ వాదోపవాదాలు సాగించినది మన గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్. మరొక విశేషం ఏమనగా, కాట్లీ తీరికవేళల్లో శివాలిక్ కొండలలో శిలాజాలు సేకరించేవాడు. హ్యూ ఫాల్కనర్‌తో కలిసి ఆయన వెలికితీసిన ప్రాచీన ఏనుగు జాతుల ఎముకలు ప్రపంచ శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచాయి. 1837లో లండన్ భూగర్భశాస్త్ర సంఘం వారిరువురికీ వొలాస్టన్ పతకం ఇచ్చింది. పొడవైన దంతాలు గల ఒక లుప్తజాతికి వారు పెట్టిన పేరు 'స్టెగోడాన్ గణేశ'. ఏనుగుల వంశం ఈ కొండలలో లక్షల సంవత్సరాలుగా నడుస్తున్నదని మొదట చూపినవారిలో ఒకరు కాలువల ఇంజనీరు కావడం మన వృత్తివారు గర్వించదగిన విషయం.

మనకు దూరపు సంగతి కాదు

ఏనుగులు ఉత్తరాదికో, కేరళకో పరిమితమని మనం భావించే రోజులు పోయాయి. చాలాకాలం ఏనుగులు లేని చిత్తూరు జిల్లాకు 1980 దశకంలో పొరుగు రాష్ట్రాలనుండి మందలు వచ్చాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కుప్పం, పలమనేరు ప్రాంతాల రైతులకు పంట నష్టం, ప్రాణభయం నిత్యానుభవాలు. పొలాల వద్ద విద్యుత్ తీగలు తగిలి ఏనుగులూ మరణిస్తున్నాయి. ఒడిశా వైపునుండి వచ్చిన మందలతో శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల వారికి కూడా ఈ కష్టం తెలుసు. దారి తప్పిన ఏనుగు అని మనం అంటాము గాని, చాలా సందర్భాలలో అది దారి తెగిన ఏనుగు.

దేశంలో 2017 గణనలో 27,312 ఏనుగులున్నట్లు అంచనా. పేడలోని డి.ఎన్.ఎ. ఆధారంగా చేసి 2025లో వెలువరించిన అంచనా 22,446. రెండింటి పద్ధతులు వేరు గనుక ఒకదానినుండి మరొకటి తీసివేసి తగ్గుదల లెక్కగట్టరాదు. కొత్త అంకెను ఇకపై కొలతకు ప్రాతిపదికగా తీసుకోవాలి. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించుకొన్నాము. ఆ గౌరవానికి అర్థం ఉండాలంటే, స్థలసేకరణ పటంపై గీత గీసే బల్ల దగ్గరే ఏనుగుల దారి కూడా గీయబడి ఉండాలి. కట్టిన తరువాత సవరించడం కంటే ముందుగా వదలిపెట్టడం ఎప్పుడూ చవకే.

యాత్రికులకు సూచనలు

ఉద్యానవనం సాధారణంగా నవంబరు 15 నుండి జూన్ 15 వరకు తెరిచి ఉంటుంది. పక్షులకు, ఆహ్లాదకరమైన వాతావరణానికి డిసెంబరు - ఫిబ్రవరి మధ్యకాలం మంచిది. ఉన్ని దుస్తులు తప్పనిసరి. ఏనుగులను ఎక్కువగా చూడగోరేవారు నీటికోసం అవి దిగివచ్చే ఏప్రిల్, మే నెలలు ఎంచుకోవచ్చు. హరిద్వారం వచ్చేవారికి చిల్లా ద్వారం అనుకూలం. జీపు, గైడు, బస ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. ముదురు ఎరుపు, తెలుపు దుస్తులు, సెంట్లు మానడం, జీపు దిగకపోవడం, పిల్లలకు నిశ్శబ్దంగా ఉండడం ముందే నేర్పడం అవసరం. మంద దాటుతుంటే హారను మోగించరాదు, ఎంతసేపైనా ఆగాలి.

వనంలోకి వెళ్లలేని వారు కూడా చేయదగిన పని ఒకటి ఉంది. హరిద్వారం నుండి డెహ్రాడూన్‌కు రైలులో వెళ్లేటప్పుడు మోతీచూర్, రాయ్‌వాలా, కాన్స్‌రావ్ స్టేషన్ల మధ్య ఇడ్లీ పొట్లం గాని, అరటితొక్క గాని, బిస్కెట్ల కవరు గాని కిటికీలోనుండి పారవేయకండి. ప్రక్కసీటువారు పారవేయబోతే మర్యాదగా వారించండి. ఆ పొట్లం కోసం వచ్చే ఏనుగు వెనుక ఒక పిల్ల కూడా ఉండవచ్చు.